పాత టెలీహ్యాండ్లర్ కొనేముందు అది ఎక్కడ పనిచేసిందో అడగండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖ పక్కన సబ్బవరం దగ్గర 70 గేదెల డెయిరీ. పక్కనే మీ అన్నయ్యగారి సరుగుడు, జామాయిల్ కలప యార్డు, అందులోనే కొత్తగా పెట్టిన ఫ్లైయాష్ ఇటుకల యూనిట్టు. మూడింటికీ కలిపి ఒకటే బండి కావాలి. కొత్తది కొనలేరు కనక సెకండ్‌హ్యాండ్ టెలీహ్యాండ్లర్లు, అంటే ముందుకీ పైకీ చాచే చేయితో సరుకు ఎత్తే బండ్లు, చూస్తున్నారు. చూసినవి రెండు. ఒకటి 2013 మోడల్, 7 మీటర్ల ఎత్తుకి ఎత్తేది, పోర్టు దగ్గర ఎరువుల గోదాములో పనిచేసింది, మీటరు మీద 4,800 గంటలు, కొత్త పెయింటు. రెండోది 2017 మోడల్, 11 మీటర్లది, మధురవాడలో అపార్ట్‌మెంట్ల సైటు నుంచి వచ్చింది, 7,200 గంటలు, రంగంతా వెలిసిపోయింది. ధర ఇంచుమించు ఒకటే. గంటలు తక్కువ, ఇంజను మోత బాగుంది, మొదటిదానికి అడ్వాన్సు ఇచ్చేయమంటారా అని అడిగారు.

ఇవ్వొద్దు తమ్ముడూ. ఇంజను మోత విని టెలీహ్యాండ్లర్ కొనకూడదు. ఇంజను పాడైతే ఆటోనగర్‌లో పది మంది బాగుచేస్తారు, సామాను దొరుకుతుంది. బూమ్, అంటే ఒకదాంట్లో ఒకటి దూరే సెక్షన్లతో చాచుకునే ఆ చేయి, లోపల పాడైతే ఆ బండికి ఇక చేయించేది పెద్దగా ఏమీ ఉండదు. బూమ్ ఎలా ఉందో తెలియాలంటే ఆ బండి ఇన్నేళ్లూ ఏ సరుకు ఎత్తింది, రాత్రిళ్లు ఎక్కడ నిలబడింది అన్నది తెలియాలి. మోడలూ, మీటరూ ఆ తర్వాతి సంగతి.

నేను గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పనుల షెడ్డు పెట్టి 26 ఏళ్లయింది. ఇప్పుడు చెప్పేది నేను దెబ్బతిని నేర్చుకున్నది. 2016లో మా బావమరిది చోడవరం దగ్గర రైసుమిల్లుకి ఇలాంటి బండే చూశాడు, నన్ను తీసుకెళ్లాడు. సెల్ఫ్ తగలగానే స్టార్టయింది, పొగ లేదు, పంపు ప్రెషరు బాగుంది. సిలిండర్లన్నీ చూశాను. బూమ్ లోపలికి టార్చి వేసి చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. కొన్నాం. మూడో నెలలో బూమ్ చాచి వెనక్కి లాగుతుంటే లోపల హోసు తెగింది. విప్పి చూస్తే లోపలి సెక్షను గోడల మీద నుంచి తుప్పు రేకులు రేకులుగా చేతికొచ్చింది. సెక్షన్లు జారడానికి మధ్యలో పెట్టే ప్యాడ్లను పట్టుకోవాల్సిన బోల్టులకి తలలే లేవు. పొటాష్ గోదాములో ఆరేళ్లు తిరిగిన బండి అది. అమ్మినవాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. రిపేరుకీ, ఆగిపోయిన పనికీ కలిపి బండి ధరలో మూడో వంతు పోయింది. మా బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పొటాష్ అని మనం పిలిచేది పొటాషియం క్లోరైడ్. మనం తినే ఉప్పుకి చుట్టమే. గాలిలో తేమ లాక్కుని ఇనుముకి అంటుకుని కూర్చుంటుంది. గంధకం పొడి తడి తగిలితే మెల్లగా ఆమ్లంగా మారుతుంది. అమ్మోనియా ఉన్న ఎరువులు రాగిని తింటాయి, అంటే వైరింగునీ కనెక్టర్లనీ. గోదాములో ఈ దుమ్ము పొద్దస్తమానం లేస్తూనే ఉంటుంది. పైపైన నీళ్లు కొట్టి కడుగుతారుగానీ బూమ్ లోపల, బ్యాటరీ పెట్టె కింద, క్యాబిన్ నేల రేకు అడుగున ఎవరూ కడగరు. అలాంటి బండికి అమ్మకానికి ముందు కొత్త పెయింటు వేశారంటే, ఆ పెయింటు కింద ఏముందో చూడకుండా ధర మాట్లాడకూడదు.

దానికి తోడు మన ఉప్పుగాలి. మల్కాపురం, సింధియా వైపు ఆరుబయట నెలల తరబడి నిలబెట్టిన బండ్లలో సిలిండర్ రాడ్లు చూడండి. బయటికి ఉన్న మేర క్రోమ్ మీద సూదితో పొడిచినట్టు చుక్కలుంటాయి. 2013 మోడల్ కనక ఇంకొకటి కూడా అడగండి: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఆ బండి ఎక్కడుంది? ఆ రోజు గాలి సముద్రపు నీటిని మోసుకొచ్చి క్యాబిన్ల లోపలికి కొట్టింది. తర్వాత మా షెడ్డుకొచ్చిన బండ్లలో కనెక్టరు విప్పితే పచ్చటి చిలుము కనిపించేది. నాలుగైదేళ్ల తర్వాత కూడా అదే బండి, అదే ఫిర్యాదు, ఒక రోజు లైట్లు, ఇంకో రోజు గేరు మార్చే కరెంటు వాల్వు (సోలినాయిడ్).

సైటు బండి అంటే అందరూ భయపడతారు. ఆపరేటర్లు మారుతూ ఉంటారు, బరువు ఎక్కువ ఎత్తిస్తారు, గ్రీజు పెట్టరు. అన్నీ నిజమే. కానీ సైటులో వచ్చేది అరుగుదల. పిన్ను, బుష్షు, ప్యాడు, చైను అరుగుతాయి. అరుగుదలని టేపు పెట్టి కొలవొచ్చు, ఖర్చు లెక్కేయొచ్చు, మార్చొచ్చు. లోపలి తుప్పుకి అలా లెక్క కట్టలేం. 7,200 గంటల అరుగుదలకీ పొటాష్ తిన్న 4,800 గంటలకీ మధ్య నేను 7,200 గంటలదాన్నే తీసుకుంటాను. బొగ్గు యార్డు నుంచి వచ్చిన బండి ఈ రెండిటికీ మధ్యన ఉంటుంది. బొగ్గుపొడి గ్రీజులో కలిసి గరుకు ముద్దలా తయారై ప్యాడ్లను తినేస్తుంది, రేడియేటరును మూసేస్తుంది, అయితే ఇనుముని ఉప్పంత చెరపదు. అన్నిటికన్నా నాకు నచ్చేది టైల్స్ గోదాములోనో కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటు ఆవరణలోనో, ఒకే ఆపరేటరు చేతిలో గట్టి నేల మీద తిరిగినది. అలాంటివి తక్కువ వస్తాయి, వచ్చినా త్వరగా పోతాయి.

ఇక సైజు సంగతి. ఇక్కడ మీ లెక్క కొంచెం సరిచూసుకోవాలి.

1977లో జేసీబీ లోడాల్ వచ్చిన దగ్గర్నుంచీ మనవాళ్లు ఈ రకం బండ్లన్నిటినీ లోడాల్ అనే అంటున్నారు. మోడల్ నంబరులోనే చాలావాటికి కొలత ఉంటుంది. 530-70 అంటే 3 టన్నులు, 7 మీటర్లు. 530-110 అంటే 3 టన్నులు, 11 మీటర్లు. మానిటూలో 732 అంటే సుమారు 7 మీటర్లు, 3.2 టన్నులు. ఇందులో చిక్కేమిటంటే ఆ 3 టన్నులు బూమ్ పూర్తిగా ముడుచుకుని, బరువు టైర్లకి దగ్గరగా ఉన్నప్పటి మాట. ముందుకి చాచేకొద్దీ అది పడిపోతుంది. 7 మీటర్ల తరగతిలో బూమ్ అడ్డంగా పూర్తిగా చాస్తే మిగిలేది మూడో వంతుకి అటూ ఇటూ. 11 మీటర్లదాంట్లో ఇంకా బాగా తక్కువ. ఎంత చాస్తే ఎంత బరువు ఎత్తొచ్చో చెప్తూ క్యాబిన్‌లో గళ్లు గళ్లుగా ఒక బొమ్మ అతికించి ఉంటుంది, అదే లోడ్ చార్టు. ఆ బొమ్మ లేని బండి, చిరిగిపోయి చదవలేని బండి కొంటే ముందు ఆ మోడల్ చార్టు తెప్పించి అతికించాకే పనిలో పెట్టండి.

మీ పనినే తీసుకుందాం. ఫ్లైయాష్ ఇటుక 3 కిలోల పైమాటే. ప్యాలెట్టు (సరుకు పేర్చే చెక్క పీట) మీద 500 పేరిస్తే టన్నున్నర. లారీ తొట్టి వెడల్పు దాదాపు 2.4 మీటర్లు. మీరు ఒక పక్క నుంచే లోడు చేస్తూ అవతలి పక్కకి ప్యాలెట్టు పెట్టాలంటే, టైరుకీ లారీకీ మధ్య ఖాళీ కూడా కలుపుకుని ఆ టన్నున్నరని రెండున్నర మీటర్ల పైన చాచి పట్టుకోవాలి. చార్టులో ఆ గడి చూడండి. చాలకపోతే ప్యాలెట్టుకి 350 ఇటుకలే పేర్చండి, లేదా లారీని రెండు పక్కల నుంచీ లోడు చేయండి. ఇంకోటి, చార్టులోని అంకెలు బరువు మధ్యబిందువు ఫోర్కు (ప్యాలెట్టు కిందికి దూరే ఇనుప కొమ్ము) మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దగ్గరో 600 దగ్గరో ఉందనుకుని రాసినవి. చార్టు మీదే ఎంతో రాసి ఉంటుంది. సరుగుడు బాదుల కట్ట వంకరగా కూర్చుని మధ్యబిందువు 900 దగ్గరికి పోతే ఆ అంకె చెల్లదు. పచ్చి జామాయిల్ ఘనమీటరు టన్నుకి దగ్గర్లో తూగుతుంది, కాబట్టి కలప కట్ట ఎప్పుడూ కంటికి కనిపించేదానికన్నా బరువు.

డెయిరీ పనికైతే 7 మీటర్లు ధారాళంగా సరిపోతుంది. వరిగడ్డి కట్టలు, సైలేజి (ఊరబెట్టిన పచ్చిమేత) బేళ్లు అయిదారు మీటర్ల ఎత్తు దాకా పేర్చొచ్చు. గత్తం ట్రాక్టరు తొట్టిలో పోయడానికి అంత ఎత్తు కూడా అక్కర్లేదు. 11 మీటర్ల బండి పొడుగెక్కువ, బరువెక్కువ. 3 టన్నుల తరగతిలో 7 మీటర్లదే 7 టన్నుల పైచిలుకు తూగుతుంది. మీ ఊరి కాలువ మీద కల్వర్టు, పశువుల శాల ముందున్న గచ్చు దాన్ని మోస్తాయా చూడండి. శాల దూలాల ఎత్తు, గేటు వెడల్పు టేపు పెట్టి కొలవండి. బండి దాదాపు 2.3 మీటర్ల వెడల్పు, అంతకి కాస్త అటూ ఇటూ ఎత్తు. శాలలోకే దూరకపోతే గత్తం మళ్లీ కూలీలే ఎత్తాలి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్తాను. ఇటుకల యూనిట్టు లేకపోతే, డెయిరీ ఒక్కటే అయితే, ఉన్న ట్రాక్టరుకి ముందు లోడరు బిగించుకోమనేవాణ్ని. జేసీబీ, అంటే తవ్వే బండి, లారీ పక్క ఎత్తు దాటించగలదుగానీ లోపలికి చేయి చాచలేదు. డీజిల్ ఫోర్క్‌లిఫ్టు వానాకాలం మీ ఎర్రమట్టిలో రెండు గజాలు పోదు. మీకున్న మూడు పనులూ కలిపి చూస్తే టెలీహ్యాండ్లర్ ఆలోచన సరైనదే.

ఇప్పుడు బూమ్. దీని దగ్గర గంట గడపండి, మిగతా అంతా అరగంటలో చూసినా ఫర్వాలేదు.

బూమ్ వెనక చివర మూత ఉంటే తీయించి టార్చి వేయండి. తుప్పు పొర, ఎరువు పొడి గడ్డకట్టిన తెల్లటి మచ్చలు, ఒరిపిడి తిన్న హోసులు కనిపిస్తాయి. పొడవాటి స్క్రూడ్రైవరుతో గోకండి. పలచటి ఎర్రపొడి రాలితే ఫర్వాలేదు. రేకులు రాలితే అక్కడితో వచ్చేయండి. తర్వాత నేలకి సమాంతరంగా బూమ్ పూర్తిగా చాపించి, లోపలి సెక్షను పక్కల మీద చేయి పెట్టి నడవండి. పొడవునా గీతలు పడి ఇనుము మెరుస్తుంటే ప్యాడ్లు అయిపోయి బోల్టు ఇనుము రాసుకుంటోందని అర్థం. బూమ్ సెక్షన్ల మధ్య జారడానికి గట్టి ప్లాస్టిక్ ప్యాడ్లుంటాయి, వాటి వెనక పలచటి షిమ్ములు పెట్టి సందు సరిచేస్తారు. ఇద్దరు మనుషులు ఫోర్కు చివర పట్టుకుని పైకీ కిందకీ, పక్కకీ ఊపండి. ఊగుడు ప్యాడ్ల దగ్గరుందా, క్యారేజి (ఫోర్కులు తగిలించే చట్రం) పిన్ను దగ్గరుందా, బూమ్ వెనక మూలపిన్ను దగ్గరుందా చూడండి. ప్యాడ్లయితే పెద్ద ఖర్చు కాదు. మూలపిన్ను రంధ్రమే కోడిగుడ్డులా సాగిందంటే మళ్లీ వెల్డింగు, రంధ్రాన్ని గుండ్రంగా కోసే లైన్ బోరింగు. ఆ పని చేసేవాళ్లు మన దగ్గర ఉన్నారు, అయితే బండి కొన్ని రోజులు కదలదు.

రెండు సెక్షన్ల బూమ్‌లో సాధారణంగా ఒక సిలిండరే చాస్తుంది. మూడు సెక్షన్లదాంట్లో చైన్లుంటాయి. మీరు చూసిన 11 మీటర్లదాంట్లో ఆ చైన్ల సాగుదల, లింకుల తుప్పు చూడాలి. బూమ్ చాస్తున్నప్పుడు మెత్తగా పోకుండా గతుక్కుమని ఆగి సాగితే చైను వదులైనా అయ్యుండాలి, ప్యాడ్లు బిగుసుకునైనా ఉండాలి. బూమ్ మూలం, క్యారేజి, సిలిండర్ చెవుల దగ్గర వెల్డింగు అతుకుల్ని నిదానంగా చూడండి. ఒక్క చోట మాత్రమే రంగు కొత్తగా ఉంటే ఎందుకని అడగండి. పగులు వెల్డ్ చేశామని ఒప్పుకునేవాళ్లతో బేరమాడొచ్చు. ఏం లేదంటూ కొత్త రంగు చూపించేవాళ్లతో నేను మాట్లాడను.

అందరూ వదిలేసేది, నేను మాత్రం ఎన్నడూ వదలనిది, బోల్తా హెచ్చరిక. బరువు ముందుకి పోయేకొద్దీ వెనక ఇరుసు తేలికవుతుంది. అక్కడ ఒక సెన్సారు ఉండి క్యాబిన్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు వెలిగిస్తుంది, బజరు మోగిస్తుంది. మోత చిరాకని ఆ తీగ కత్తిరించేవాళ్లు చాలామంది. ఒక సైటులో తీగ కత్తిరించిన బండి ఇటుకల ప్యాలెట్టుతో ముందుకి మొగ్గింది. కింద నిలబడ్డ కుర్రాడి కాలు నలిగింది. మర్నాడు బండిని లేపడానికి నన్ను పిలిచారు. ఆ కుర్రాడి చెప్పు ఒకటి ఇంకా అక్కడే ఉంది. అప్పటి నుంచీ బజరు పనిచేయని బండిని నా షెడ్డులోంచి బయటికి పంపను, డబ్బు ఇవ్వకపోయినా సరే బాగుచేసే పంపుతాను.

పరీక్ష ఇలా చేయండి. చదునైన గట్టి నేల, టన్ను బరువు తెలిసిన ప్యాలెట్టు, చుట్టుపక్కల మనుషులు ఉండకూడదు. ప్యాలెట్టు నేలకి జానెడు ఎత్తులోనే ఉంచి బూమ్‌ని నెమ్మదిగా చాపించండి. చార్టు చెప్పిన హద్దుకి దగ్గరయ్యేకొద్దీ పసుపు, ఆపైన ఎరుపు రావాలి, మోత రావాలి. రాకపోతే అక్కడే ఆపించండి. జానెడు ఎత్తే కనక మొగ్గినా నేల ఆనుకుంటుంది.

సిలిండర్లకి చాక్‌పీసు చాలు. టన్ను బరువుతో బూమ్ సగం ఎత్తి, కొంచెం చాచి, ఇంజను ఆపి, రాడ్ల మీద సీలు అంచున గీత గీయండి. పది నిమిషాల తర్వాత చూడండి. ఆయిల్ వేడిగా ఉంటే చల్లారేకొద్దీ కుదించుకుని కొద్దిగా దిగుతుంది, దానికి గాభరాపడొద్దు. అంగుళాలు దిగితే లోపలి సీలు పోయిందో, హోసు తెగినా బూమ్ పడిపోకుండా సిలిండరు మీద పెట్టిన వాల్వు కారుతోందో తేల్చాలి. సీల్ కిట్టు చిన్న ఖర్చు, రాడ్‌కి మళ్లీ క్రోమ్ వేయించడం పెద్ద ఖర్చు. కాబట్టి ప్రతి రాడ్ మీదా గోరు పెట్టి నడపండి. గోరు తట్టుకుంటే అక్కడ సీలు కూడా తెగుతుంది. ఇంకొకటి, ఖాళీ ఫోర్కుల్ని నేలకి సమంగా పెట్టి బూమ్ లేపుతూ పోతే అవి ఆ మట్టంలోనే ఉండాలి. వాలిపోతుంటే బూమ్ మూలం దగ్గరున్న లెవెల్ సరిచేసే చిన్న సిలిండరులో లోపం. ఇటుకల ప్యాలెట్టు జారిపోయేది అక్కడే.

గేర్లు, ఇరుసులు త్వరగా చెప్పేస్తాను. మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువ టార్క్ కన్వర్టర్‌వి, అంటే ఇంజను బలం ఆయిల్ ద్వారా గేర్లకి అందేవి. గేర్ ఆయిల్ కొలకర్ర తీసి వాసన చూడండి, మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. ముందుకీ వెనక్కీ మారుస్తుంటే ఆలస్యంగా అందుకుంటే అదే అర్థం. హైడ్రోస్టాటిక్ బండి (పంపు ఆయిల్ ప్రెషరుతో నడిచేది) అయితే చల్లగా ఉన్నప్పటి పరుగు నమ్మొద్దు. గంట పనిచేయించి, వేడెక్కాక సబ్బవరం మెట్టలాంటి ఎత్తు ఎక్కించి చూడండి. స్టీరింగు మూడు రకాలూ మార్చి చూడండి: ముందు చక్రాలు మాత్రమే, నాలుగూ ఎదురెదురుగా, నాలుగూ ఒకే వైపు ఎండ్రకాయ నడకలా. మళ్లీ మామూలుకి తెచ్చాక వెనక చక్రాలు తిన్నగా నిలబడాలి. చక్రం మూలల్లో కింగ్‌పిన్ను (చక్రం పక్కకి తిరిగే పిన్ను) ఊగుడు, హబ్బు దగ్గర ఆయిల్ చెమ్మ, హ్యాండ్‌బ్రేకు చూడండి. టైర్లు నాలుగూ ఒకే సైజు, ఒకే రకం అరుగుదల ఉండాలి. నాలుగు చక్రాల డ్రైవులో తేడా టైర్లు వేస్తే ఆ తేడా భారం గేర్ల మీద పడుతుంది. నాలుగు కొత్త టైర్ల ధర కనుక్కుని బేరంలో తీసేయించండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే గాలి బుస్సుమని కొడితే రింగులు అయిపోయాయి. మీరు చూసిన రెండూ 2021 ఏప్రిల్‌కి ముందువి. నిర్మాణ యంత్రాలకి బీఎస్-4 పొగ నియమం వచ్చింది అప్పుడే. కొత్త నియమం బండ్లలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షను, లోపం వెతకాలంటే ల్యాప్‌టాప్ కావాలి. పాత మెకానికల్ పంపు అయితే మన పంపు మెకానిక్కులకి అలవాటైన పని. పల్లెలో ఉండే మీకు ఇది మంచిదే. మీటరు గంటల్ని పెడళ్ల రబ్బరు, సీటు, జాయ్‌స్టిక్ అరుగుదలతో పోల్చండి. టెలిమాటిక్స్ (బండి వివరాలు దూరం నుంచే నెట్‌లో చూపించే పరికరం) ఉన్న బండి అయితే ఆ ఖాతా తెరిచి చూపించమనండి, గంటలతోపాటు బండి ఎక్కడెక్కడ తిరిగిందో కూడా కనిపిస్తుంది.

ఫోర్కులు, బకెట్టు, హుక్కు ఏవేవి ఇస్తున్నారో రాయించుకోండి. క్యారేజికి తగిలించే కొక్కెం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. వేరే కంపెనీ బకెట్టు చవకగా దొరికిందని మధ్యలో అడాప్టరు బిగిస్తే బరువు ముందుకి జరిగి ఎత్తే శక్తి తగ్గుతుంది. మీకు గడ్డి పట్టే గ్రాబ్ కావాలి కనక బూమ్ చివర అదనపు హైడ్రాలిక్ లైను ఉందా, పనిచేస్తోందా చూడండి. సైటు బండ్లలో ఒక్కోసారి అది ఉండదు. టన్ను దాణా బస్తా హుక్కుకి వేలాడదీస్తే ఊగుతుంది. నేలకి దగ్గరగా, నడక వేగంతో తప్ప కదలొద్దు.

కాగితాలు. ఇది రోడ్డు మీదికి వచ్చే బండి, ఆర్టీఓ రిజిస్ట్రేషన్ ఉండాలి. పోర్టు ఆవరణ దాటని బండ్లలో కొన్నిటికి అసలు రిజిస్ట్రేషనే ఉండదు. పాత ఇన్వాయిసు లేకపోతే తర్వాత చేయించడం తలనొప్పి. ఆర్‌సీలో ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీద చెక్కినవాటితో సరిపోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, ఆపైన రెన్యువల్, అంటే 2013 బండికి ఎంతో మిగల్లేదు. ఫైనాన్సు ఉంటే బాకీ తీరిన ఫారం 35, యాజమాన్యం మార్చడానికి 29, 30 సంతకాలతో తీసుకోండి. ఒడిశా లాంటి వేరే రాష్ట్రం నంబరయితే ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ముందు రావాలి. ఎన్ఓసీ తర్వాత ఇస్తామంటే డబ్బు కూడా తర్వాతే.

నా అభిప్రాయం ఇది. పోర్టు బండి వదిలేయండి. మధురవాడ బండిని పైన చెప్పినట్టు చూడండి. అది మీ శాలలోకి దూరి, బూమ్ లోపల శుభ్రంగా ఉండి, లోపాలు ప్యాడ్లు, పిన్నులు, చైన్ల దగ్గరే ఆగితే ఆ ఖర్చు ధరలో తీయించి కొనొచ్చు. దూరకపోతే ఇంకో రెండు నెలలు ఆగి 7 మీటర్లది వెతకండి, తొందరపడొద్దు. ఏది కొన్నా ధరలో అయిదో వంతు డబ్బు విడిగా పెట్టుకోండి, మొదటి ఆరు నెలల్లో అది పనికొస్తుంది.

కొన్నాక ఒక సంగతి మరిచిపోవద్దు. గత్తం, గేదెల మూత్రం, సైలేజి రసం కూడా ఇనుముని తినేవే. పని అయ్యాక మంచినీళ్లతో కడిగించండి, బూమ్ లోపలికి కూడా నీళ్లు పట్టించండి, ఆరాక గ్రీజు పెట్టించండి. రాడ్లన్నీ లోపలికి ముడిచి నిలబెట్టండి. మీ పొలం మీదుగా 11 కేవీ కరెంటు లైను పోతోందన్నారు. దాని కింద గడ్డి పేర్చే పని పెట్టుకోకండి. కుప్ప చోటే మార్చేయండి.

శనివారం పొద్దున్నే వెళ్లండి, ముందే ఫోన్ చేసి ఇంజను స్టార్టు చేయొద్దని చెప్పండి. టార్చి, టేపు, చాక్‌పీసు, పొడవాటి స్క్రూడ్రైవరు, పాత గుడ్డ, తూకం తెలిసిన ప్యాలెట్టు ఉంటే అదీ పట్టుకెళ్లండి. బూమ్ వెనక మూత తీయించి లోపలివి నాలుగు ఫోటోలు, మూలపిన్ను దగ్గర రెండు, లోడ్ చార్టుది ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. అవి చూశాక ఎంతకి అడగాలో చెప్తాను.